రైలు మారే అవసరాన్ని తగ్గించిన దారి మళ్లింపు: న్యూయార్క్ సబ్‌వే 'ఎం' మార్గం అనుభవం

మహానగరాల భూగర్భ రైలు వ్యవస్థలలో రద్దీని తగ్గించేందుకు కొత్త సొరంగాలు తవ్వడం ఒక మార్గం. ఉన్న పట్టాలపైనే రైళ్లను వేరే దారిలో నడపడం మరొక మార్గం. మొదటి దానికి సంవత్సరాల కాలం, అపారమైన నిధులు అవసరమవుతాయి. రెండవది తక్కువ వ్యయంతో, తక్కువ వ్యవధిలో అమలు కాగలదు. అమెరికాలోని న్యూయార్క్ నగరంలో 2010 జూన్‌లో జరిగిన 'ఎం' మార్గం మళ్లింపు ఈ రెండవ విధానానికి చెప్పుకోదగిన ఉదాహరణ. ఆర్థిక సంక్షోభంలో పొదుపు చర్యగా చేపట్టిన ఈ మార్పు వేలాది ప్రయాణికులకు మధ్యలో రైలు మారే ప్రయాసను తప్పించింది. అదే సమయంలో మరికొన్ని వేల మందికి అంతవరకు లేని ప్రయాసను తెచ్చిపెట్టింది. మార్గాల పునర్వ్యవస్థీకరణను పరిశీలించే అధికారులకు, వాటిపై వార్తలు రాసే పాత్రికేయులకు ఈ అనుభవంలోని రెండు పార్శ్వాలూ ఉపయోగకరమైనవే.

వేర్వేరు సంస్థలు నిర్మించిన మార్గాలు

న్యూయార్క్ సబ్‌వే 1904 అక్టోబర్ 27న ప్రారంభమైంది. అది ఒకే ప్రణాళిక ప్రకారం ఏర్పడిన వ్యవస్థ కాదు. ఐ.ఆర్.టి., బి.ఎం.టి. అనే రెండు ప్రైవేటు సంస్థలు వేర్వేరుగా మార్గాలు నిర్మించాయి. 1932 నుంచి నగర పాలక యంత్రాంగం ఐ.ఎన్.డి. పేరిట స్వయంగా మూడవ వ్యవస్థను ప్రారంభించింది. 1940 జూన్‌లో రెండు ప్రైవేటు సంస్థల మార్గాలను నగరం కొనుగోలు చేయడంతో మూడూ ఒకే యాజమాన్యం కిందికి వచ్చాయి. యాజమాన్యం ఒకటైనా పట్టాలు మాత్రం వేరుగానే ఉండిపోయాయి. ఒక వ్యవస్థ రైలులో వచ్చిన ప్రయాణికుడు మరొక వ్యవస్థ మార్గంలోని స్టేషనుకు చేరాలంటే దిగి, మెట్లు ఎక్కి, వేరే ప్లాట్‌ఫారానికి నడిచి వెళ్లక తప్పేది కాదు.

ఈ లోపాన్ని కొంతవరకు సరిదిద్దేందుకు మన్‌హాటన్ దక్షిణ భాగంలో క్రిస్టీ స్ట్రీట్ అనుసంధాన మార్గాన్ని నిర్మించారు. దీని పనులు 1957లో మొదలయ్యాయి. మన్‌హాటన్ వంతెన మీదుగా వచ్చే బి.ఎం.టి. పట్టాలను ఐ.ఎన్.డి. వారి సిక్స్‌త్ అవెన్యూ మార్గంతో కలిపే భాగం 1967 నవంబర్ 26న వినియోగంలోకి వచ్చింది. విలియమ్స్‌బర్గ్ వంతెన మీదుగా వచ్చే పట్టాలను అదే మార్గంతో కలిపే భాగం 1968 జూలై 1న ప్రారంభమైంది.

మొదటి భాగం ఆ తరువాతా ఉపయోగపడింది. రెండవ భాగం గతి వేరు. దాని మీదుగా నడిచిన 'కె.కె.' రైలు, తరువాత 'కె'గా పేరు మార్చుకుని, 1976 ఆగస్టులో నగర ఆర్థిక సంక్షోభ కాలంలో రద్దయింది. అప్పటి నుంచి దాదాపు 34 సంవత్సరాల పాటు ఆ సొరంగం గుండా ప్రయాణికుల రైలు క్రమం తప్పకుండా నడిచిన సందర్భం లేదు. పట్టాలు ఉన్నాయి, సొరంగం ఉంది, రైలు మాత్రం లేదు.

2010కి ముందు పరిస్థితి

'ఎం' రైలు క్వీన్స్ ప్రాంతంలోని మిడిల్ విలేజ్ - మెట్రోపాలిటన్ అవెన్యూ స్టేషను వద్ద బయలుదేరి, రిడ్జ్‌వుడ్, బుష్‌విక్, విలియమ్స్‌బర్గ్ ప్రాంతాల మీదుగా విలియమ్స్‌బర్గ్ వంతెన దాటి మన్‌హాటన్‌లోని ఎసెక్స్ స్ట్రీట్ స్టేషనుకు చేరేది. అక్కడి నుంచి దక్షిణానికి తిరిగి, నాసౌ స్ట్రీట్ కింది సొరంగం ద్వారా ఆర్థిక సంస్థలు నెలకొన్న దిగువ మన్‌హాటన్‌కు వెళ్లేది. రద్దీ వేళల్లో ఇంకా ముందుకు సాగి, నది కింది సొరంగం దాటి దక్షిణ బ్రూక్లిన్‌లోని బే పార్క్‌వే వరకు నడిచేది.

ఈ మార్గం రూపొందిన నాటికి దిగువ మన్‌హాటన్ నగర ఉపాధికి ప్రధాన కేంద్రం. కాలక్రమంలో కార్యాలయాలు, దుకాణాలు అధికంగా మిడ్‌టౌన్ మన్‌హాటన్‌కు తరలాయి. రైలు మాత్రం పాత దారిలోనే నడిచింది. ఫలితంగా 'ఎం' రైలు ఎక్కినవారిలో అనేకులు ఎసెక్స్ స్ట్రీట్ వద్ద 'ఎఫ్' రైలుకో, కెనాల్ స్ట్రీట్ వద్ద ఇతర రైళ్లకో, అంతకు ముందే మర్టిల్ - వికాఫ్ స్టేషను వద్ద 'ఎల్' రైలుకో మారవలసి వచ్చేది. 'ఎల్' రైళ్లు అప్పటికే కిక్కిరిసి నడుస్తుండగా, 'ఎం' ప్రయాణికుల చేరికతో ఆ రద్దీ మరింత పెరిగేది.

మరోవైపు 2001 డిసెంబర్ 16న ప్రారంభమైన 'వి' రైలు క్వీన్స్‌లోని ఫారెస్ట్ హిల్స్ నుంచి మిడ్‌టౌన్ మీదుగా సిక్స్‌త్ అవెన్యూ కింద నడిచి, లోయర్ ఈస్ట్ సైడ్ - సెకండ్ అవెన్యూ స్టేషనులో ఆగిపోయేది. అన్ని స్టేషన్లలో ఆగే రైలు కావడంతో క్వీన్స్ వాసులు దీనికన్నా త్వరగా చేరవేసే 'ఇ', 'ఎఫ్' ఎక్స్‌ప్రెస్ రైళ్లనే ఎంచుకునేవారు. అందువల్ల 'వి' రైళ్లలో ఖాళీ మిగిలేది.

ఈ విధంగా ఒక రైలు వెళ్లే చోటుకు జనం వెళ్లడం లేదు, జనం వెళ్లే చోటున్న రైలు సగం దారిలో ఆగిపోతున్నది. ఈ రెండింటి మధ్య వాడుకలో లేని క్రిస్టీ స్ట్రీట్ సొరంగం ఉన్నది.

సంక్షోభం నుంచి పుట్టిన నిర్ణయం

2008 నాటి ఆర్థిక మాంద్యం తరువాత పన్నుల రాబడి తగ్గడంతో, సబ్‌వేను నిర్వహించే మెట్రోపాలిటన్ ట్రాన్స్‌పోర్టేషన్ అథారిటీ 2010 ఆరంభానికి సుమారు 80 కోట్ల డాలర్ల లోటును ఎదుర్కొన్నది. పలు బస్సు మార్గాలతో పాటు 'వి', 'డబ్ల్యు' రైళ్లను రద్దు చేయాలని ప్రతిపాదించింది. 2010 మార్చిలో నగరంలోని వివిధ ప్రాంతాలలో బహిరంగ విచారణలు నిర్వహించింది. అదే నెల 24న పాలక మండలి కోతలకు ఆమోదం తెలిపింది.

'ఎం', 'వి' మార్గాల విషయంలో కేవలం కోతతో సరిపెట్టకుండా రెండింటినీ జోడించాలని నిర్ణయించారు. ఎసెక్స్ స్ట్రీట్ వద్ద దక్షిణానికి తిరిగే 'ఎం' రైలును క్రిస్టీ స్ట్రీట్ సొరంగం గుండా సిక్స్‌త్ అవెన్యూ మార్గానికి మళ్లించి, అంతవరకు 'వి' నడిచిన దారిలో ఫారెస్ట్ హిల్స్ వరకు పంపడం దీని సారాంశం. రెండు రైళ్లు చేసే పనిని ఒక్కటే చేయడం వల్ల రైళ్లు, సిబ్బంది వ్యయం కలిసివచ్చింది. కొత్త సొరంగం గానీ, కొత్త స్టేషను గానీ అవసరం కాలేదు.

'వి' రైలు 2010 జూన్ 25, శుక్రవారం చివరిసారిగా నడిచింది. తరువాతి సోమవారం, జూన్ 28న, పని దినాల రద్దీ వేళల్లో 'ఎం' రైలు తొలిసారిగా కొత్త దారిలో ప్రయాణికులను మిడ్‌టౌన్‌కు చేర్చింది.

లాభం ఎవరికి, నష్టం ఎవరికి

ఈ నిర్ణయానికి ప్రాతిపదికగా సంస్థ వేసిన అంచనా గమనించదగినది. పాత 'ఎం' రైలు ప్రయాణికులలో సుమారు 17,000 మంది గమ్యం మిడ్‌టౌన్ ప్రాంతం. దిగువ మన్‌హాటన్, దక్షిణ బ్రూక్లిన్‌లకు వెళ్లేవారు సుమారు 10,000 మంది. అంటే దారి మళ్లించినట్లయితే రైలు మారే అవసరం తప్పేవారి సంఖ్య, కొత్తగా మారవలసి వచ్చేవారి సంఖ్య కన్నా ఎక్కువ.

బ్రూక్లిన్ ఉత్తర భాగం, రిడ్జ్‌వుడ్, మిడిల్ విలేజ్ నివాసులకు ఒకే రైలులో హెరాల్డ్ స్క్వేర్, బ్రయంట్ పార్క్, రాక్‌ఫెల్లర్ సెంటర్ స్టేషన్లకు చేరే వీలు కలిగింది. 'ఎల్' రైలులో 14వ వీధి వరకు వెళ్లి అక్కడ మరొక రైలు పట్టుకునేవారికి ప్రత్యామ్నాయం లభించింది.

అయితే ఆ 10,000 మంది సమస్య అంకెలలో తక్కువైనంత మాత్రాన వారికి చిన్నది కాదు. వాల్ స్ట్రీట్ పరిసరాలలో పనిచేసేవారు మార్సీ అవెన్యూ లేదా ఎసెక్స్ స్ట్రీట్ వద్ద దిగి 'జె' లేదా 'జెడ్' రైలు కోసం వేచి ఉండవలసి వచ్చింది. దక్షిణ బ్రూక్లిన్‌లోని వెస్ట్ ఎండ్ మార్గపు ప్రయాణికులు రద్దీ వేళల్లో దిగువ మన్‌హాటన్‌కు నేరుగా వెళ్లే రైలును కోల్పోయి, 'డి' రైలు ఎక్కి మధ్యలో 'ఆర్' రైలుకు మారవలసి వచ్చింది. మార్గం మళ్లింపు రైలు మారే అవసరాన్ని పూర్తిగా తొలగించదు. దానిని ఎక్కువ మంది నుంచి తక్కువ మందికి బదలాయిస్తుంది. లెక్క సరైనదైతే నగరానికి మేలు జరుగుతుంది. అయితే ఆ తక్కువ మంది ఎవరో, వారికి మిగిలిన దారి ఏదో ముందే చెప్పడం నిర్వహణ సంస్థ బాధ్యత.

పేరు, రంగు

మొదటి ప్రతిపాదన ప్రకారం 'ఎం' పేరును తొలగించి, పొడిగించిన మార్గానికి 'వి' అన్న పేరునే కొనసాగించవలసి ఉంది. పాలక మండలి సభ్యులలో పలువురు దీనికి అభ్యంతరం చెప్పారు. 'వి' కేవలం 2001లో వచ్చిన పేరు, 'ఎం' దశాబ్దాలుగా ప్రజల నోట నానిన పేరు అన్నది వారి వాదన. చివరకు 'ఎం' పేరును నిలిపి, రంగును మార్చారు. నాసౌ స్ట్రీట్ మార్గాన్ని సూచించే గోధుమ రంగు స్థానంలో సిక్స్‌త్ అవెన్యూ మార్గపు నారింజ రంగు వచ్చింది. న్యూయార్క్ సబ్‌వేలో అక్షరం రైలును, రంగు మన్‌హాటన్‌లో అది నడిచే ప్రధాన మార్గాన్ని తెలుపుతాయి. కనుక పేరు మారకుండా రంగు మాత్రమే మారడంలో, ఇది పాత రైలే, దారి మాత్రం కొత్తది అన్న సమాచారం ప్రయాణికుడికి చేరింది.

సాంకేతిక పరిమితులు

ఈ మార్పుకు కొన్ని హద్దులు ఉన్నాయి. మొదటిది రైలు పొడవు. బ్రూక్లిన్ వైపు 'ఎం' మార్గంలోని ప్లాట్‌ఫారాలు 480 అడుగుల రైలుకు మాత్రమే సరిపోతాయి. అంటే 60 అడుగుల బోగీలు ఎనిమిది. క్వీన్స్ బులవార్డ్ కింది ప్లాట్‌ఫారాలలో 600 అడుగుల రైళ్లు నిలుస్తాయి. 'వి' స్థానంలో 'ఎం' రావడంతో క్వీన్స్ వాసులకు రైలు పొడవులో అయిదవ వంతు తగ్గింది. 'వి' రైళ్లలో ఖాళీ ఉన్నందున ఈ తగ్గుదల ఆమోదయోగ్యమని భావించారు.

రెండవది కూడళ్లు. కొత్త 'ఎం' రైలు ఒకే ప్రయాణంలో 'జె', 'జెడ్' రైళ్లతో, ఆపై 'ఎఫ్' రైలుతో, ఆపై 'ఇ' రైలుతో, చివరకు 'ఆర్' రైలుతో పట్టాలు పంచుకునేది. పట్టాలు కలిసే ప్రతి చోటా ఒక రైలు దాటే వరకు మరొకటి సిగ్నల్ వద్ద ఆగవలసి ఉంటుంది. మర్టిల్ అవెన్యూ - బ్రాడ్‌వే కూడలిలో 'ఎం' రైలు ఎదురు దిశ పట్టాలను అదే ఎత్తులో అడ్డంగా దాటుతుంది. ఒక మార్గంలో జరిగిన ఆలస్యం ఈ కూడళ్ల ద్వారా మిగిలిన మార్గాలకు పాకుతుంది. ప్రయాణికుడు రైలు మారనవసరం లేకుండా చేసినప్పుడు, ఆ మారే పనిని పట్టాల మీద రైలే చేస్తుంది. దాని మూల్యం సమయపాలన రూపంలో కనిపిస్తుంది.

మూడవది వేళలు. మిడ్‌టౌన్ సేవ ప్రధానంగా పని దినాలకు పరిమితమైంది. రాత్రి వేళల్లోనూ, వారాంతాల్లోనూ 'ఎం' రైలు మర్టిల్ అవెన్యూ వద్దనే ఆగిపోయేది. 2014 జూన్ నుంచి వారాంతపు రైళ్లను ఎసెక్స్ స్ట్రీట్ వరకు పొడిగించారు.

ప్రత్యామ్నాయంగా ఉపకరించిన మార్గం

2012 అక్టోబర్‌లో వచ్చిన శాండీ తుపాను సమయంలో 'ఎల్' రైలు నడిచే కెనార్సీ సొరంగంలోకి ఉప్పునీరు చేరింది. పని దినాలలో సుమారు 2,25,000 మంది ఆ సొరంగం ద్వారా బ్రూక్లిన్, మన్‌హాటన్‌ల మధ్య ప్రయాణించేవారు. మరమ్మతుల కోసం సొరంగాన్ని 15 నెలలు మూసివేయాలని తొలుత నిర్ణయించినప్పుడు, ప్రత్యామ్నాయ ఏర్పాట్లలో 'ఎం' రైలుకు ముఖ్య స్థానం లభించింది. ఇందుకు సన్నాహంగా 2017 జూలై నుంచి 2018 ఏప్రిల్ వరకు 'ఎం' మార్గంలో కొంత భాగాన్ని మూసి, శిథిలావస్థకు చేరిన ఎత్తైన కట్టడాన్ని పునర్నిర్మించారు. 2019 జనవరిలో పూర్తి మూసివేత ప్రతిపాదన రద్దయింది. 2019 ఏప్రిల్ నుంచి 2020 ఏప్రిల్ వరకు రాత్రి వేళల్లోనూ, వారాంతాల్లోనూ మాత్రమే పనులు జరిగాయి. ఆ కాలంలో అవే వేళల్లో 'ఎం' రైలును మన్‌హాటన్‌లోని 96వ వీధి వరకు నడిపారు. 2010 నాటి మళ్లింపు జరిగి ఉండకపోతే ఈ సౌకర్యం సాధ్యమయ్యేది కాదు.

2001, 2025: ఒకే సమస్యకు భిన్న పరిష్కారాలు

ఇదే ప్రాంతంలో అంతకు ముందు, ఆ తరువాత జరిగిన మార్పులు కూడా ఈ అంశంపై వెలుగు ప్రసరిస్తాయి. 63వ వీధి సొరంగం 1989 అక్టోబర్‌లో ప్రారంభమైనా, క్వీన్స్ ప్రధాన మార్గంతో కలవక 21వ వీధి స్టేషను వద్దనే ముగిసింది. 64.5 కోట్ల డాలర్ల వ్యయంతో నిర్మించిన అనుసంధానం 2001 డిసెంబర్‌లో దానిని ప్రధాన మార్గంతో కలిపింది. 53వ వీధి సొరంగంలో 'ఇ' రైలుతో కలిసి నడిచే 'ఎఫ్' రైలును 63వ వీధికి మళ్లించి, 53వ వీధిలో ఏర్పడిన ఖాళీలో 'వి' రైలును ప్రవేశపెట్టారు. రద్దీ తగ్గించడం దీని లక్ష్యం. అయితే 'వి' రైలుకు చోటు కల్పించేందుకు 'జి' రైలును పని దినాలలో కోర్ట్ స్క్వేర్ వద్దనే ఆపివేశారు. అక్కడ రైలు మారవలసి వచ్చిన 'జి' ప్రయాణికుల కోసం రెండు స్టేషన్ల మధ్య కదిలే నడకదారిని ఏర్పాటు చేశారు.

2025 డిసెంబర్ 8 నుంచి పని దినాలలో పగలు, సాయంత్రం వేళల్లో 'ఎఫ్', 'ఎం' రైళ్లు మన్‌హాటన్, క్వీన్స్‌ల మధ్య తమ దారులను పరస్పరం మార్చుకున్నాయి. 'ఎఫ్' రైలు తిరిగి 53వ వీధికి వచ్చింది, 'ఎం' రైలు 63వ వీధికి వెళ్లింది. క్వీన్స్‌లో ఎక్స్‌ప్రెస్ పట్టాలపై నడిచే 'ఇ', 'ఎఫ్' రైళ్లు నది కింద కూడా ఒకే సొరంగంలో నడుస్తాయి. అన్ని స్టేషన్లలో ఆగే 'ఎం' రైలు ఆ దారి నుంచి తప్పుకుంది. దీనితో క్వీన్స్ ప్లాజా వద్ద 'ఎం' రైలు 'ఇ' రైలు దారిలోకి వచ్చిపోయే అవసరం తొలగింది. ఇక్కడ లక్ష్యం నేరు ప్రయాణాలను పెంచడం కాదు, కూడళ్ల వద్ద జరిగే జాప్యాన్ని తగ్గించడం. ఈసారి ప్రభావితమైనవారు రూజ్‌వెల్ట్ దీవి నివాసులు. పని దినాలలో వారికి 'ఎఫ్' ఎక్స్‌ప్రెస్ స్థానంలో పొట్టి బోగీల వరుసతో, ప్రతి స్టేషనులో ఆగే 'ఎం' రైలు వచ్చింది.

పరిశీలించదగిన అంశాలు

ఏదైనా రైలు మార్గం మళ్లింపును అధ్యయనం చేసేటప్పుడు ఈ అనుభవం నుంచి కింది అంశాలను ప్రాతిపదికగా తీసుకోవచ్చు.

1. ప్రయాణికులు ఎక్కడ ఎక్కుతున్నారన్న దానికన్నా ఎక్కడికి వెళ్తున్నారన్నది ముఖ్యం. ఎక్కే చోటు లెక్క మాత్రమే ఉంటే 17,000 - 10,000 వంటి పోలిక సాధ్యం కాదు.

2. రైలు మారే అవసరం తప్పినవారి సంఖ్యతో పాటు కొత్తగా మారవలసి వచ్చినవారి సంఖ్యనూ అదే ప్రకటనలో వెల్లడించాలి.

3. ప్లాట్‌ఫారం పొడవు, వంతెన సామర్థ్యం, కూడళ్ల సంఖ్య వంటి పరిమితులు మార్గంలో అతి బలహీనమైన చోటే నిర్ణయమవుతాయి.

4. వాడుకలో లేని సొరంగాలు, పట్టాలను పాడుపడనివ్వకుండా కాపాడటం భవిష్యత్తుకు పెట్టుబడి. 1968లో ప్రారంభమై, 1976లో మూలనపడిన క్రిస్టీ స్ట్రీట్ భాగం 2010లో తిరిగి అక్కరకు వచ్చింది.

5. మార్గం మార్పు ఒక్కసారితో ముగిసే పని కాదు. 'ఎఫ్' రైలు 24 సంవత్సరాల తరువాత 53వ వీధికి తిరిగి రావడం ఇందుకు నిదర్శనం.

ముఖ్య తేదీలు

1967 నవంబర్ 26: క్రిస్టీ స్ట్రీట్ అనుసంధానంలో మన్‌హాటన్ వంతెన భాగం ప్రారంభం.
1968 జూలై 1: విలియమ్స్‌బర్గ్ వంతెన భాగం ప్రారంభం.
1976 ఆగస్టు: 'కె' రైలు రద్దు, విలియమ్స్‌బర్గ్ వంతెన భాగంలో రాకపోకల నిలిపివేత.
2001 డిసెంబర్ 16: 'వి' రైలు ప్రారంభం, 'ఎఫ్' రైలు 63వ వీధికి మళ్లింపు.
2010 మార్చి 24: సేవల కోతకు పాలక మండలి ఆమోదం.
2010 జూన్ 28: కొత్త దారిలో 'ఎం' రైలు తొలి పని దినం.
2014 జూన్: వారాంతపు 'ఎం' రైళ్లు ఎసెక్స్ స్ట్రీట్ వరకు పొడిగింపు.
2019 ఏప్రిల్ - 2020 ఏప్రిల్: 'ఎల్' సొరంగం మరమ్మతుల కాలంలో 'ఎం' రైలు అదనపు సేవ.
2025 డిసెంబర్ 8: పని దినాలలో 'ఎఫ్', 'ఎం' రైళ్ల దారుల మార్పిడి.